కనుట యొకటి, పెంచుట యొకటి

మన పూర్వులు మానవుడు లోకమున నిలిపిపోదగిన సంతానములు ఏడని లెక్కించిరి. తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కావ్యము, పుత్రుడు అనునవియే సప్తసంతానములు. తోటను కన్నకొడుకు సరసను కూర్చుండబెట్టిన యీ బుద్ధి సామాన్యమైనది కాదు. తోట వేయుట పుణ్యకార్యమని మాత్రమే వారు తలచియుండినచో దానిని దానముల పట్టికలో చేర్చి యూరకుందురు. సంతానమని పేరు పెట్టుటలో వేఱొక భావము గలదు. బిడ్డ పుట్టినంతమాత్రమున తల్లిదండ్రుల పని తీఱదు, అప్పుడే మొదలగును. పాలు పట్టవలెను, జ్వరము తగిలిన రాత్రి దీపము పెట్టుకొని మేల్కొనవలెను, ఆటకు పోయిన బిడ్డ తిరిగి వచ్చువఱకు గుమ్మమువైపు చూచుచుండవలెను. కనుట యొక దినపు పని. పెంచుట యిరువదియేండ్ల పని. నేటి మన చిన్నపట్టణములను పాలించువారు మొదటి పనియందు కడుసమర్థులు. రెండవ పని యొకటి కలదని వారికి తోచినట్లే కానరాదు.

సముద్రపుటొడ్డున నున్న మన చిన్నయూళ్లలో నేదైన నొకదానికి పోయి చూడుడు. బస్సు నిలుచు చోటికి కొలదిదూరములో నొక పార్కు ఉండును. గేటుకడ నల్లరాతిపలకపై బంగారువన్నె యక్షరములతో ప్రారంభోత్సవము చేసినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విశిష్టాతిథుల పేర్లు వరుసగా చెక్కబడి యుండును. ఆ పార్కులో చెక్కుచెదరక నిలిచియున్న వస్తువు ఆ పలక యొక్కటియే. లోపల ఒక ఉయ్యాలకు గొలుసుండును, పీట యుండదు. రెండవదానికి పీట యుండును, గొలుసుండదు. జాఱుడుబల్ల రేకు చీలి పసివాని తొడ చీఱుటకు సిద్ధముగా నుండును. ఫౌంటెను నాలుగుదినములు నీరెగజిమ్మి యిప్పుడు దోమలకు ప్రసూతిశాలయైనది. నడకబాటపై పఱచిన రాళ్లు లేచిపోగా, ముసలివారు కాలు విఱుగునను భయముతో సాయంకాలము ఇంటనే యుందురు. మరుగుదొడ్డి కలదు, దానికి తాళమును కలదు, తాళపుచెవి యెవరియొద్ద నున్నదో చెప్పగలవారు లేరు. ఇంతలో క్రొత్త పాలకవర్గము వచ్చును. పాతపార్కును బాగుచేయుదమని యనదు. ఊరి రెండవకొనయందు మఱియొక పార్కునకు శంకుస్థాపన చేయును. ఏలయన, బాగుచేసినవానికి రాతిపలక లేదు.

దీనికంతకును కారణము డబ్బు లేకపోవుటయని చెప్పుదురు. డబ్బు రెండు విధములు: కట్టుటకు వచ్చు డబ్బు, నిలుపుటకు కావలసిన డబ్బు. మొదటిది పైనుండి వచ్చును. 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన అమృత్ పథకమునందు నీటిసరఫరా, మురుగునీటి పనులతోపాటు పచ్చని తావులకును పార్కులకును కొంతభాగము ప్రత్యేకించిరి. మంచిపనియే. కాని యట్టి పథకము గోడ కట్టి, గడ్డి పఱచి, ఊరికప్పగించి పోవును. మఱునాటినుండి ఆ గడ్డికి నీరు పోయువాని జీతము ఊరే యిచ్చుకొనవలెను. ఆ జీతము బడ్జెటులో నున్నదా యని శంకుస్థాపననాడు అడిగినవాడు పెండ్లిపందిరిలో తుమ్మినవాడగును. కట్టుటలో కంట్రాక్టు కలదు. కంట్రాక్టులో లాభము కలదు. లాభము చుట్టును స్నేహితులు కలరు. ప్రతిదినము నీరు పోయుటలో లాభమెవ్వరికిని లేదు, ఊరికి దప్ప. ఛాయాచిత్రము తీయువాడు రిబ్బను కత్తిరించు కత్తెరను తీయునుగాని చీపురు పట్టిన చేతిని తీయడు. కావున మన పట్టణములలో లేనిది డబ్బుకన్న ముందుగా పోషణబుద్ధి.

పాతకీర్తి గాని, పెద్దసంస్థ గాని యీ బుద్ధిని దానంతట తెచ్చిపెట్టదని చూపుటకు భీమునిపట్టణము చాలును. గోస్తనీనది సముద్రమున గలియుచోట 17వ శతాబ్దమున డచ్చివారు వర్తకము సాగించిన యీ చిన్నరేవునకు 1861లోనే పురపాలకసంఘ మేర్పడినది. మనదేశపు పురపాలకసంఘములలో మిక్కిలి పాతవానిలో నది యొకటి. 2013లో దానిని విశాఖపట్టణ మహానగరపాలకసంస్థలో చేర్చుచు ఉత్తరువు వెలువడినది. మహాసంస్థకు ఇంజనీర్లు కలరు, యంత్రములు కలవు, ధనము కలదు, నిజమే. కాని 98 వార్డుల మహానగరమునకు కట్టకడపటి కొననున్న తీరము కన్నులయెదుట నుండునా? ఆ తీరముననే ఇసుకపై లేచిన కాంక్రీటుగోడను పడగొట్టించుటకు 2024లో రాష్ట్రోన్నతన్యాయస్థానము జోక్యము చేసికొనవలసివచ్చెను. గోడ యొక రాత్రిలో మొలచునది కాదు. పునాది త్రవ్వునాడే యొక కావలివాడు పోయి "ఇది యెవరి స్థలము?" అని యడిగియుండినచో న్యాయస్థానముతో పని యేమి? పెద్దసంస్థ చేయలేని పనిని చిన్నసంఘము చేయునని నా వాదము కాదు. ప్రతిదినము చూచు కన్నొకటి లేనిచో చిన్నదైనను పెద్దదైనను ఒకటియే యని నా వాదము.

శాసనము సంగతి చూతము. 1992లో చేసిన 74వ రాజ్యాంగసవరణ పురపాలకసంఘములకు అప్పగింపదగిన 18 విషయములను 12వ షెడ్యూలులో నొక పట్టికగా చేర్చినది. అందు పార్కులు, ఉద్యానములు, ఆటస్థలములు అని స్పష్టముగా నున్నది. సముద్రతీరమను మాట మాత్రము లేదు. కావున పార్కునకును ఆటస్థలమునకును పేరునకైన నొక తండ్రి కలడు. తీరమునకు ఆ పేరును లేదు. భూమి రెవెన్యూవారిది, ఊరేగువారిని చూచుట పోలీసులది, హోటలు పర్యాటకశాఖవారిది, సరుగుడుతోపు అటవీశాఖవారిది, చెత్త పంచాయతిది, కట్టవచ్చునా కూడదా యనునది 1991 మొదలుకొని 2011లోను 2019లోను మార్చబడుచు వచ్చిన తీరప్రాంతనియంత్రణ ఉత్తరువులది. ఇందఱు బంధువులున్న బిడ్డకు కొఱత యేమనుకొందుము. కాని పదిమందిలో పాము చావదని మన సామెత. చచ్చిన చేప కంపుకొట్టుచున్నదని యొక కార్యాలయమున చెప్పినచో రెండవ కార్యాలయమునకు పొమ్మందురు. రెండవవారు మూడవచోటికి పొమ్మందురు. అంతలో ఆ చేపను కాకులే తీర్చిపోవును. మన తీరములయందు నమ్మదగిన పారిశుద్ధ్యోద్యోగులు కాకులే.

చేప విషయమున నవ్వవచ్చును. మనుష్యుల విషయమున నవ్వరాదు. కార్తికపూర్ణిమకును మాఘపూర్ణిమకును మంగినపూడికి, సూర్యలంకకు జనము వేలకొలదిగా స్నానమునకు వత్తురు. ఆ దినములలో ప్రభుత్వము గజయీతగాండ్రను నిలుపును, పడవలు త్రిప్పును, మైకులో హెచ్చరించును. పర్వము ముగిసిన మఱునాడు ఆ యీతగాండ్రు లేరు, ఆ పడవలును లేవు. సముద్రుడు పంచాంగము చూచి మనుష్యులను మ్రింగునా? ఆదివారమునాడు కాలేజీ పిల్లలు నలుగురు మోటారుసైకిళ్లపై వచ్చి నీటిలో దిగుదురు. 2024 జూనులో బాపట్ల జిల్లా రామాపురపు తీరమున యువకులు మునిగి మరణింపగా అధికారులు చేసినపని యేమి? కొన్నిదినములు తీరములను మూసివేసిరి. బిడ్డ మెట్లపైనుండి పడినప్పుడు మెట్లకు కటకటాలు పెట్టించుటకు మాఱుగా ఇల్లే తాళము వేసికొని పోయినట్లున్నది.

ఆ మరణములు దైవికములని యూరడిల్లుటకు వీలులేదు, కారణము తెలిసినదే. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగి లోనికి పోవలెను గదా. నీటిలోని ఇసుకతిన్నెల నడుమ పల్లపుసందు దొరకినచోట ఆ నీరంతయు నొక కాలువవలె వేగముగా సముద్రములోనికి పాఱును. అచ్చట అలలు అంతగా విఱుగవు. చూచువారికి ఆ తావే ప్రశాంతముగా కనబడును. ఈత రానివాడు కోరి అక్కడనే దిగును. ఆ ప్రవాహమునకెదురుగా ఒడ్డువైపు ఈదబూనినవాడు ఎంత బలవంతుడైనను అలసి మునుగును. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు కొంతదూర మీదినచో ప్రవాహమునుండి బయటపడి అలలతో వెనుకకు రావచ్చును. ఈ నాలుగుమాటలు తీరమున నొక పలకపై తెలుగులో వ్రాయించుటకు ఎంత వ్యయమగును? హైదరాబాదులోని భారతజాతీయ సముద్రసమాచారసేవాకేంద్రము అలల యెత్తును గూర్చి ముందుగా హెచ్చరికలు పంపుచున్నది. ఆ హెచ్చరిక చదివి ఎఱ్ఱజెండా యెత్తు చేయి యొకటి తీరమున కావలెను. గోవాలో 2008 నుండి జీతముగల ప్రాణరక్షకులు తీరములను కాచుచున్నారు. మనకు మనుష్యులు కఱవా? అలల నడుమ పుట్టిపెరిగిన మత్స్యకారయువకులు మన తీరమంతటను కలరు. వారిలో కొందఱికి ప్రథమచికిత్స నేర్పి, పండ్రెండు నెలలకును జీతమిచ్చి, ఈల, జెండా, త్రాడు, తేలుచక్రము ఇచ్చి నిలిపినచో పర్వదినములయందే కాక ప్రతిదినమును ప్రాణములు నిలుచును. తీరమున పెట్టించు విగ్రహములలో నొక్కదానిని మానుకొన్న ధనముతో ఈ పని ఆరంభింపవచ్చును. మునిగిపోవుచున్నవానికి విగ్రహము చేయి యందింపదు.

శుభ్రతకు వచ్చిన కీర్తియు పోషణలేనిదే నిలువదు. విశాఖకు చేరువనున్న రుషికొండ తీరమునకు 2020లో బ్లూ ఫ్లాగ్ అను అంతర్జాతీయపతాకము లభించినది. ఊరంతయు సంతోషించెను. 2025 ఆరంభమున తీరము అశుభ్రమైనదని ఆ పతాకమును ఉపసంహరించిరి. చక్కదిద్దిన పిమ్మట మరల నిచ్చిరి. దీనిని అవమానమని కొందఱు బాధపడిరి. నేనట్లనుకొనను. రాతిపలకకును ఈ పతాకమునకును భేదమేమనగా, పలక యొకసారి చెక్కినచో పార్కు పాడైనను ఊడదు. పతాకము ఏటేట సంపాదించుకొనవలెను. మన ప్రారంభోత్సవ పలకలకును ఇట్టి నియమమే యుండిన నెంత బాగుండును! ఉయ్యాల తెగినదినముననే పలకపై పేరును చెఱపివేయవలెను. ఉయ్యాల కట్టిననాడు మరల వ్రాయవచ్చును. అప్పుడు మన నాయకులు ఉయ్యాలలు చూచుటకు తెల్లవాఱుజామున లేచి వత్తురు.

ఇక ఆటస్థలము. చిన్నపట్టణమున ఆటస్థలమనగా ఆట దప్ప సమస్తమును జరుగు స్థలము. ఎన్నికలు వచ్చిన సభలక్కడ. దీపావళి వచ్చిన టపాకాయల దుకాణములక్కడ. వేసవి వచ్చిన ఎగ్జిబిషను అక్కడ. మంత్రిగారు వచ్చిన హెలికాప్టరు దిగుటయు నక్కడనే. నెలకొకసారి గుంజలకై గోతులు త్రవ్వుదురు, పూడ్చక పోవుదురు. మేకులు, గాజుపెంకులు, ఇనుపతీగలు మిగులును. పాదరక్షలు లేని పిల్లవాడు పరుగెత్తి అడుగు కోసికొనును. అద్దెడబ్బు సంఘపు ఖజానాకు పోవును. ఆ స్థలమునకు తిరిగి రాదు. పాలిచ్చు ఆవును అమ్మి గడ్డి కొనకపోవుట యొకరకపు మూర్ఖత. పాలు పిదుకుకొనుచు గడ్డి వేయకపోవుట రెండవరకపు మూర్ఖత. మన సంఘములు ఈ రెండవదానిని ఆదాయమార్గమని పిలుచుచున్నవి.

ఆ స్థలము ఖాళీగా నున్న దినములలో నైనను అది యెవరిది? ఉపాధ్యాయుడనగుటచే నేను తరగతిలో పిల్లలను "నిన్నటి సాయంకాల మెక్కడ ఆడితిరి?" అని యడుగుచుందును. మగపిల్లలు మైదానమని, చెఱువుగట్టని, తీరమని, సందని పది తావులు చెప్పుదురు. ఆడపిల్లలు మేడమీద అందురు, అరుగుమీద అందురు. పెద్దతరగతివారు తలవంచుకొని యేమియు చెప్పరు. పురజనులందఱి పన్నులతో నిలిచిన స్థలమున ఊరి బిడ్డలలో సగముమందికి చోటులేదు. చట్టము వారిని నిషేధించుటలేదు. దీపములేని మూల నిషేధించుచున్నది, తాళమువేసిన మరుగుదొడ్డి నిషేధించుచున్నది, గోడపై కూర్చుండి యీలవేయు పోకిరిమూక నిషేధించుచున్నది, "పెద్దపిల్లకు ఆటలేమి?" అను మన యింటిమాట అన్నిటికంటె గట్టిగా నిషేధించుచున్నది. ప్రపంచారోగ్యసంస్థ 5 మొదలు 17 ఏండ్ల వయస్సుగల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల శరీరవ్యాయామము కావలెనని చెప్పుచున్నది. 146 దేశముల పిల్లలనుగూర్చి 2016 నాటి లెక్కలతో చేసిన పరిశోధనలో, 11 మొదలు 17 ఏండ్లవారిలో మగపిల్లలు నూటికి 78 మంది, ఆడపిల్లలు నూటికి 85 మంది అంతపాటి వ్యాయామము చేయుటలేదని తేలినది. లోకమంతటను ఉన్న లోపమే యని మనము సమాధానపడుదమా? 1874లో కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టిననాడును బాలికలకు చదువులేకపోవుట లోకమంతటను ఉన్న లోపమే. ఆయన పాఠశాల తలుపు తెఱచిరి. నూటయేబది యేండ్లు దాటినను మైదానపు గేటు మాత్రము మన యాడబిడ్డలకు సగమే తెఱచియున్నది. సంస్కరణము తరగతిగది గుమ్మముకడ నాగిపోవలెనని యెవరు చెప్పిరి?

ఈ మాటలన్నిటికిని ప్రత్యుత్తరము చెప్పువారు మూడుతెగలవారు కలరు. మొదటివారు "ముందు త్రాగునీరు, రోడ్లు, మురుగుకాలువలు, ఆ పిమ్మట గదా పార్కులు" అందురు. వినుటకు వివేకమువలెనే యుండును. కాని యీ పట్టిక యెన్నడు ముగియును? మురుగుకాలువ పూర్తియైన తరువాత ఆడుకొమ్మని చెప్పుటకు ఏడేండ్ల పిల్లవాడు ఏడేండ్లవాడుగానే కాచుకొని యుండునా? బాల్యము వాయిదా వేయదగిన వస్తువు కాదు. అదియును గాక, నడచుటకు చోటులేని ఊరు మధుమేహమునకును రక్తపుపోటునకును మందులు కొనుచు అంతకంతయు చెల్లించుకొనుచునే యున్నది. పార్కునకు పెట్టని రూపాయి మందులదుకాణమున పెట్టుచున్నాము.

రెండవవారు "మనజనము అశుభ్రులు, ఎంత బాగుచేసినను పాడుచేయుదురు, కావున తాళమువేయుటయే మేలు" అందురు. అశుభ్రత యున్నదను మాట నేను కాదనను. వేఱుసెనగతొక్కలు, ప్లాస్టికుసీసాలు, విస్తరాకులు ఇసుకలో వదలిపోవువారు మనవారే, చదివినవారే, కార్లలో వచ్చినవారే. కాని యది నేడు పుట్టిన దోషమా? కౌటిల్యుడు అర్థశాస్త్రమున వీధిలో చెత్తవేసినవానికి పణములో ఎనిమిదవవంతు దండనము విధించెను. పురోద్యానములలో పూలు, పండ్లు, నీడయు నిచ్చు చెట్ల చిగుళ్లు త్రుంచినవానికి 6 పణములు, చిన్నకొమ్మకు 12, పెద్దకొమ్మకు 24 అని లెక్కకట్టెను. ఆనాటి జనులును దేవతలు కారు, ఐనను ఆయన ఉద్యానమునకు తాళము వేయుమనలేదు, పాడుచేసినవానిని పట్టుకొమ్మనెను. తొట్టి లేనిచోట చెత్తవేసినవానిని, మరుగుదొడ్డి లేనిచోట గోడచాటునకు పోయినవానిని తిట్టుటకు సంఘమునకు అధికారములేదు. మొదట తొట్టి పెట్టి, దినదినము ఎత్తించి, దొడ్డి కడిగించి, అటుపిమ్మట తప్పుచేసినవానినుండి నిర్దాక్షిణ్యముగా జరిమానా వసూలు చేయవలెను. బిడ్డ మట్టిలో ఆడునని గదిలోపెట్టి గడియవేయు తల్లి పరిశుద్ధురాలు కాదు, సోమరి.

మూడవవారు అందఱికంటె నేర్పరులు. "లీజునకిండు, టిక్కెట్టు పెట్టుడు, తన ఖర్చు తానే తెచ్చుకొనును" అందురు. పది రూపాయల టిక్కెట్టు మనకు లెక్కకాకపోవచ్చును. ముగ్గురు బిడ్డలతో వచ్చిన కూలితల్లికి అది రాత్రికూర. ఆమె బిడ్డలు ఊచలు పట్టుకొని లోపలి ఉయ్యాలను చూచుచు నిలుచుటకా మనము ఉద్యానము కన్నది? లీజు సంగతి న్యాయస్థానములే తేల్చినవి. బెంగుళూరున పార్కునకై యుంచిన స్థలమును ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చినప్పుడు ఆ పేటనివాసులు వ్యాజ్యమాడిరి. అది చెల్లదని 1991లో సర్వోన్నతన్యాయస్థానము తీర్పుచెప్పెను. హర్యానాలోని థానేసరు అను చిన్నపట్టణమున జనులకై వదలిన ఖాళీస్థలమును పురపాలకసంఘము సత్రము కట్టుకొనుటకు లీజునకిచ్చినప్పుడును ఆ న్యాయస్థానమే 1994లో ఆ లీజును త్రోసిపుచ్చి, కట్టడమును తొలగింపుమనెను. గమనింపుడు: ఒకటి ఆసుపత్రి, ఒకటి సత్రము, రెండును పుణ్యకార్యములే. ఐనను ఒక బిడ్డ అన్నము తీసి మఱియొక బిడ్డకు పెట్టుట ధర్మము కాదని న్యాయస్థానమునకు తోచినది. ఇట్టి వస్తువులకు ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త మాత్రమేయని 1996లో కమలనాథుని వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే చెప్పినది. సముద్రతీరమును ఆ ధర్మములోనిదే. ధర్మకర్త గుడిమాన్యమును అమ్ముకొనినచో మనమేమందుము?

అమ్మకమనగా జ్ఞప్తికి వచ్చినది. క్రొత్తగా ఇండ్లస్థలములు వేయువాడు మొత్తము నేలలో నూటికి 10 వంతులు ఖాళీస్థలముగా ఊరికి వదలవలెనని మన రాష్ట్రమున నియమము కలదు. వదలనివారు వేలకొలది. వారిని శిక్షించుటకు మాఱుగా క్రమబద్ధీకరణపథకములు వచ్చినవి. 2020 నాటి పథకమున, ఖాళీస్థలము వదలని లేఅవుటులో ఇల్లుకొన్నవాడు స్థలపువిలువలో నూటికి 14 వంతులు చెల్లించినచో దోషము పోవును. ప్రాయశ్చిత్తము దొరకినది, ఆటస్థలము మాత్రము దొరకలేదు. రూపాయలపై పిల్లలు పరుగెత్తలేరు. కొనినవాడు మధ్యతరగతి గృహస్థుడు, మోసపోయినవాడు. అతని కష్టమును నేనెఱుగుదును. కాని స్థలము వదలక అమ్మినవాడు ఏ దండనము పొందెను? వసూలైన ధనముతో ఆ పేటకు సమీపముననే ఖాళీస్థలము కొని యియ్యవలెనని పట్టుపట్టిన కౌన్సిలరు ఏడి?

తీరమును అందగింపజేయుదుమని బయలుదేరువారినిగూర్చి యొకమాట. వారికి ఇసుకదిబ్బ కనబడినచో చదునుచేయవలెనని చేతులు దురదపెట్టును. కార్లు నిలుపుటకు, దుకాణములు వేయుటకు దిబ్బలు త్రవ్వుదురు. దిబ్బ సముద్రమునకును ఊరికిని నడుమనున్న కోటగోడ. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడినప్పుడు వేలకొలది ప్రాణములు పోయిన సంగతి మన పెద్దవారింకను మఱువలేదు. తీగలు అల్లుకొన్న యిసుకదిబ్బను, సరుగుడుతోపును కాపాడుటయే అందము. అట్లే వలలారవేసికొను మత్స్యకారుడు తీరమునకు మచ్చకాదు. ఆ తీరము అతని పొలము. విహారమునకు వచ్చిన మనము అతని గట్టుపై నడచు అతిథులము. అతనిని వెడలగొట్టి కుర్చీలు వేయు అందము మనకక్కఱలేదు.

మఱి చేయవలసినదేమి? క్రొత్త పథకమును నేను కోరుటలేదు. ఉన్నవాని పోషణమునే కోరుచున్నాను. ప్రతి పార్కునకును ప్రతి ఆటస్థలమునకును పేరు తెలిసిన యొక కావలివాడు, జీతము తప్పని యొక తోటమాలి ఉండవలెను. బడ్జెటులో ఈ జీతములు, మరమ్మతులు మొదట వ్రాసి, మిగిలినదానితోనే క్రొత్తది కట్టవలెను. పాత ఉయ్యాల తెగియుండగా క్రొత్త శంకుస్థాపన చేయరాదు. ప్రారంభోత్సవపు పలక ప్రక్కనే రెండవ పలకయొకటి నిలిపి, ఆ నెల వచ్చిన దెంత, పెట్టిన దెంత, ఏది చెడినది, ఎన్నడు బాగుచేయుదురు అని సుద్దతో వ్రాయవలెను. మైదానమును అద్దెకిచ్చుదినములకు ఏడాది కొక పరిమితి యుండవలెను. అద్దె ఆ మైదానమునకే చెందవలెను. గోతులు పూడ్చి, మేకులేఱి చూపినగాని అద్దెదారునికి ధరావతు తిరిగి యియ్యరాదు. బాలికలకు సాయంకాలమున నిర్ణీతవేళయు, వెలుగును, తెఱచిన మరుగుదొడ్డియు, వ్యాయామము నేర్పు ఉపాధ్యాయురాలును ఉండవలెను. తీరమునకు మాత్రము, పురపాలకసంఘము, పంచాయతి, రెవెన్యూ, పోలీసు, పర్యాటకశాఖ, మత్స్యకారులు కలిసిన యొకే సంఘమును, దాని కొక బాధ్యుడైన కార్యదర్శిని జిల్లా కలెక్టరు నియమింపవలెను. చేప కుళ్లినను, మనుష్యుడు మునిగినను, గోడ లేచినను ఉత్తరము చెప్పవలసినవాడు అతడొక్కడే కావలెను.

ఇవి యెవరు చేయింతురు? వారంతట వారు చేయరు. 1874లోనే వీరేశలింగముగారు వివేకవర్ధనిని స్థాపించి, అందు పురపాలకసంఘముల లంచములను, అక్రమములను పేరుపెట్టి బయటపెట్టిరి. వితంతువివాహముల సంస్కర్తగా ఆయనను కీర్తించు మనము ఈ రెండవపనిని మఱచితిమి. ఇంటిలోని యాచారమును దిద్దుట యెంత సంస్కరణమో, ఊరుమ్మడి సొత్తును కాపాడుటయు నంతే. మన గృహస్థులు వాకిట కల్లాపిచల్లి ముగ్గుపెట్టి, ఇంటిచెత్తను ఎదుటి ఖాళీస్థలమున పాఱవైచుదురు. గడపదాటినది లోకము కాదనుకొందురు. గృహిణులారా, మీ ముగ్గు గడపకడ నాగవలసిన పనిలేదు. పదిమంది తల్లులు కూడి నెలకొక దినమున పార్కునకు పోయి తెగిన గొలుసులను లెక్కించుడు. కాగితముపై వ్రాసి కమిషనరుకార్యాలయమున నిచ్చి రశీదు పుచ్చుకొనుడు. వచ్చునెల అదే కాగితముతో మరల పోవుడు. సమాచారహక్కుచట్టము 2005 నుండి మీ చేతిలో నున్నది. బడ్జెటు ప్రతిని అడుగుడు. తోటమాలి జీతపు పద్దు చూపుమనుడు. ఓటు అడుగవచ్చినవానిని "ఏమి కట్టెదవు?" అని యడుగకుడు, "కట్టినదానిని ఎట్లు నిలిపెదవు?" అని యడుగుడు. మీ యమ్మాయిని మైదానమునకు పంపుడు. ఒక్కతెను పంపుటకు భయమైనచో పదిమందిని కలిపి పంపుడు. అవసరమైనచో మీరును పోయి గట్టుపై కూర్చుండుడు. ఖాళీగా నున్న మంచిస్థలమును దుర్జనులాక్రమింతురు. తల్లులు కూర్చున్న గట్టుపై పోకిరి కూర్చుండలేడు.

సంతానము కన్నవారికి లోకము గొడ్రాలితనపు నింద వేయదు. కాని కని విడిచినవారికి వేయు పేరు అంతకంటె కఠినమైనది. తోటను సంతానములలో లెక్కించిన జాతికి ఆ పేరు రాకుండుగాక.